ఎవరి విస్తరి వాళ్లకే

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో, అటానమస్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ



నేను హైదరాబాద్‌లో సర్వర్ల మీద నడిచే సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ని. నాకు థ్రెడ్ అంటే ఏమిటో, సర్వ్‌లెట్ అంటే ఏమిటో చెప్పింది మీలాంటివాళ్లే. ఆ గౌరవంతోనే ఒక విన్నపం చేసుకుంటున్నాను. దాని వెనక ఒక సంగతి ఉంది, ముందు అది చెప్పాలి.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన చోట రక్తపరీక్షల రిపోర్టులు ఆన్‌లైన్లో చూపించే అప్లికేషన్ ఒకటి నడిపేవాళ్లం. ఒక శనివారం రాత్రి పదకొండు దాటాక ఫోన్ వచ్చింది. ఒకావిడ థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నారు. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన లింకు నొక్కితే రిపోర్టు తెరుచుకుంది కానీ, పైన ఉన్న పేరు ఆవిడది కాదు. ఎవరో పెద్దాయనది. కింద ఆయన షుగరు లెక్కలు. ఆవిడ కంగారుపడి మళ్లీ నొక్కితే ఈసారి తన రిపోర్టే వచ్చింది. మొదటిసారి వచ్చినదాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆవిడే ఏదో పొరబడి ఉంటారని ఫిర్యాదును మూసేసేవాళ్లం.

షుగరు రిపోర్టు కాబట్టి గొడవ పెద్దది కాలేదు. మనిషి ఇంట్లోవాళ్లకి కూడా చెప్పుకోలేని పరీక్షలు ఆ అప్లికేషన్లో చాలా ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం అదే.

నా ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు ప్రయత్నించినా తప్పు కనపడలేదు. ఇరవైసార్లు లింకు నొక్కాను, ఇరవైసార్లూ సరైన రిపోర్టే వచ్చింది. ప్రొడక్షన్ లాగ్‌లో వెతికితే ఒక చిన్న ఆధారం దొరికింది. ఆ పెద్దాయన లాగిన్ అయ్యి తన రిపోర్టు పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేయబోతే ఎర్రర్ వచ్చింది. కాసేపటికి ఆవిడ లింకు నొక్కారు. ఇద్దరి రిక్వెస్టులకీ పక్కన ఒకే థ్రెడ్ పేరు ఉంది. మేం వాడే టామ్‌క్యాట్ సర్వర్లో ఏమీ మార్చకుండా వదిలేస్తే గరిష్ఠంగా 200 థ్రెడ్లు పనిచేస్తాయి. వాటిలో ఎర్రర్ వచ్చిన ఆ ఒక్క థ్రెడ్ చేతికే ఆవిడ రిక్వెస్టు వెళ్లింది.

అప్పుడు నా మెషిన్లో థ్రెడ్ల సంఖ్యను 1కి కుదించాను. ఒక బ్రౌజర్లో ఒక పేరుతో లాగిన్ అయ్యి కావాలని ఎర్రర్ తెప్పించాను. ఇంకో బ్రౌజర్లో వేరొకరి ఎస్సెమ్మెస్ లింకు తెరిచాను. మొదటివాడి పేరు వచ్చింది. ఇంకోసారి చేశాను, మళ్లీ వచ్చింది. అంతదాకా దొరకని తప్పు అక్కణ్నుంచి ప్రతిసారీ దొరికింది.

కోడులో జరిగింది ఇది. రిక్వెస్టు రాగానే ఒక ఫిల్టర్, లాగిన్ అయినవాళ్లు ఎవరో చూసి ఆ పేరును థ్రెడ్‌లోకల్‌లో, అంటే ఆ థ్రెడ్ వెంటే ఉండే అరలో, పెడుతుంది. తర్వాత అసలు పని జరగడానికి రిక్వెస్టును లోపలికి పంపుతుంది. పని ముగిసి వెనక్కి రాగానే కింది లైనులో ఆ పేరును తుడిచేస్తుంది. లోపల ఎక్సెప్షన్ వస్తే ఆ కింది లైను దాకా కోడు రాదు, పేరు అలాగే మిగిలిపోతుంది. ఎస్సెమ్మెస్ లింకుకి లాగిన్ అక్కర్లేదు కాబట్టి ఫిల్టర్ అక్కడ కొత్త పేరేమీ పెట్టదు. రిపోర్టు తీసే కోడు మాత్రం థ్రెడ్‌లోకల్‌లో ఎవరైనా ఉంటే వాళ్లనే తీసుకోవాలి, లేకపోతే లింకులోని సంఖ్యతో వెతకాలి అన్నట్టుగా రాసి ఉంది. ఉన్నది పాతమనిషి. అతనికి చెందిన రిపోర్టే వచ్చింది.

సరిచేయడానికి పట్టింది నాలుగు లైన్లు. తుడిచే లైనును ఫైనల్లీలో పెట్టాం, ఆ 'ఉంటే, లేకపోతే'ని తీసేశాం. కానీ నేను ఈ లేఖ రాస్తున్నది ఆ నాలుగు లైన్ల గురించి కాదు. ఆ ఫిల్టర్ రాసిన అబ్బాయి కాలేజీ నుంచి వచ్చి రెండేళ్లు. మంచి మార్కులతో పాసయ్యాడు, పనిలో శ్రద్ధ ఉన్నవాడు. సోమవారం పొద్దున్న అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తే ముఖం పాలిపోయింది. కాసేపు ఆగి అడిగాడు: "సార్, రిక్వెస్టు అయిపోగానే థ్రెడ్ చచ్చిపోతుంది కదా? ఇంక పేరు ఎక్కడ మిగులుతుంది?"

ఆచార్యులారా, అతను మీరు చెప్పినదాన్ని మరిచిపోయి అలా అడగలేదు. గుర్తుంచుకునే అడిగాడు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో థ్రెడ్ పుడుతుంది, నడుస్తుంది, ఆగుతుంది, ముగుస్తుంది. ఆ బొమ్మ మేమంతా పరీక్షలో వేసి మార్కులు తెచ్చుకున్నాం. వెబ్ టెక్నాలజీస్ పేపర్లో సర్వ్‌లెట్ జీవితచక్రం ఉంటుంది: ఇనిట్, సర్వీస్, డెస్ట్రాయ్. ఆ బొమ్మా వేశాం. ఒక థ్రెడ్ పొద్దుట్నుంచి రాత్రిదాకా చావకుండా వేలమంది రిక్వెస్టులు మోస్తుందనీ, ఒకే సర్వ్‌లెట్ ఆబ్జెక్టులోకి ఒకేసారి పదిమంది దూరతారనీ ఈ రెండు బొమ్మల్లో ఏదీ చెప్పదు. మొదటి పేపరు చెప్పే సారుకి రెండో పేపరుతో పనిలేదు, రెండో పేపరు చెప్పే మేడమ్‌కి మొదటిదానితో పనిలేదు. మా తప్పులన్నీ ఆ రెండు పేపర్ల మధ్య సందులోనే పుడుతున్నాయి.

ల్యాబ్‌లోనూ అంతే. ఎవరి కంప్యూటర్లో వాళ్ల సర్వర్, ఒక బ్రౌజర్, ఒకే మనిషి. లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ అని ఏళ్లుగా చేస్తున్న మినీ ప్రాజెక్టులన్నిటికీ జీవితంలో ఒక్కరే వాడుకరి. సర్వ్‌లెట్ క్లాసులో పైన ఒక ఫీల్డ్ పెట్టి అందులో యూజర్ పేరు దాచినా ఆ ప్రాజెక్టుకి పూర్తి మార్కులు వస్తాయి. ఎందుకంటే తప్పు బయటపడాలంటే రెండోవాడు రావాలి.

నేను చెబుతున్న విషయానికి మా వృత్తిలో రిక్వెస్టు కాంటెక్స్ట్ అని పేరు. ఒక రిక్వెస్టు సర్వర్‌కి వచ్చినప్పుడు దానివెంట కొన్ని సంగతులు నడవాలి: అడిగింది ఎవరు, ఏ సంస్థ తరఫున, ఎంతసేపట్లో జవాబు ఇవ్వాలి, లాగ్‌లో దీన్ని గుర్తుపట్టే సంఖ్య ఏది. పది ఫంక్షన్ల లోపల ఎక్కడో ఉన్న కోడుకీ ఇవి కావాలి. పని పూర్తవగానే ఇవి పోవాలి. వీటిని చేరవేయడం తేలిక, పోగొట్టడంలోనే ఉంది కష్టమంతా.

పెళ్లి భోజనాల్లో విస్తరి వేస్తారు. తిన్నాక ఎత్తేస్తారు. తర్వాతి బంతికి కొత్త విస్తరి. హోటల్లో అలా కాదు, కంచం కడిగి మళ్లీ పెడతారు. కడిగేవాళ్లు ప్రతిసారీ కడిగితే ఇబ్బంది లేదు. హడావిడిలో ఒక్క కంచం కడక్కుండా వెళ్లిందంటే ఎవరి ఎంగిలో ఎవరికో పోయినట్టే. థ్రెడ్‌లోకల్ కంచం లాంటిది. ఫిల్టర్ రాసిన మా అబ్బాయి కడగడం మరిచిపోలేదు, భోజనం మధ్యలో గొడవ జరిగిన రోజు కడగాల్సిన కంచాన్ని ఎవరు తీస్తారో ఆలోచించలేదు.

ఇది కుర్రవాళ్లు మాత్రమే చేసే తప్పు అనుకోకండి. 2021 మార్చి 8న గిట్‌హబ్ తన వాడుకరుల్లో లాగిన్ అయి ఉన్న ప్రతి ఒక్కరినీ బయటికి పంపేసి మళ్లీ లాగిన్ అవమంది. ప్రపంచంలో కోడు రాసేవాళ్లు ఎక్కువమంది తమ కోడు పెట్టుకునే చోటు అది. కారణమేమిటో పది రోజుల్లో వాళ్లే విడమరచి రాశారు. యూనికార్న్ అనే రూబీ సర్వర్ ప్రతి రిక్వెస్టు వివరాలనూ ఒకే హ్యాష్‌లో పెట్టి, రిక్వెస్టు అయ్యాక దాన్ని ఖాళీ చేసి, తర్వాతి రిక్వెస్టుకి మళ్లీ అదే వాడేది. అంటే కడిగిన కంచమే. ఒకరి తర్వాత ఒకరు తిన్నంతకాలం ఏళ్ల తరబడి ఏమీ కాలేదు. ఆ తర్వాత వేగం కోసం గిట్‌హబ్‌వాళ్లు కొంత పనిని వెనకాల ఇంకో థ్రెడ్‌లో నడిపించారు. ముందున్న రిక్వెస్టు ముగిసిపోయినా ఆ వెనక థ్రెడ్ ఆ హ్యాష్‌ను పట్టుకునే ఉంది. ఈలోగా అందులోకి కొత్తవాళ్ల వివరాలు వచ్చేశాయి. చాలా అరుదైన కొన్ని సందర్భాల్లో ఒకరి సెషన్ కుకీ ఇంకొకరి బ్రౌజర్‌కి వెళ్లింది. అంటే ఒకరి అకౌంట్లో ఇంకొకరు లాగిన్ అయినట్టు. వాళ్ల లెక్క ప్రకారం మొత్తం సెషన్లలో ఇలా జరిగింది 0.001 శాతం కన్నా తక్కువ. అయినా అందరి సెషన్లూ రద్దు చేశారు. ఆ నిర్ణయం సరైనదని నేను ఇప్పటికీ నమ్ముతాను. యూనికార్న్ కూడా ఆ నెలలోనే ప్రతి రిక్వెస్టుకీ కొత్త హ్యాష్ ఇచ్చేలా మారింది. కంచం తీసేసి విస్తరి వేశారు.

రెండేళ్ల తర్వాత, 2023 మార్చి 20న, చాట్‌జీపీటీలో కొందరికి వేరేవాళ్ల సంభాషణల శీర్షికలు కనిపించాయి. ఓపెన్ఏఐ ఆ సర్వీసును కాసేపు మూసేసింది. ఇక్కడ తప్పు థ్రెడ్‌లో లేదు, రెడిస్‌తో మాట్లాడే పైథాన్ లైబ్రరీ కనెక్షన్లలో ఉంది. ఒక కనెక్షన్‌ను ఒకరి తర్వాత ఒకరు వాడతారు. ఒక రిక్వెస్టు తన ప్రశ్న పంపేసి, జవాబు అందుకోకముందే రద్దయిపోతే ఆ జవాబు కనెక్షన్లోనే మిగిలిపోయేది. తర్వాత వచ్చినవాళ్లు తమ ప్రశ్నకి జవాబు అనుకుని దాన్నే తీసుకునేవాళ్లు. టిఫిన్ సెంటర్లో ఆర్డరిచ్చినవాడు ఏదో ఫోన్ వచ్చి వెళ్లిపోతే, అతని దోసె వెనకాల నిలబడినవాడి చేతికి వచ్చినట్టు. ఇడ్లీ అడిగినవాడికి దోసె వస్తే ఇది నాది కాదంటాడు. దోసె అడిగినవాడికి వస్తే తన దోసే అనుకుని తినేస్తాడు. అక్కడా అదే జరిగింది. వచ్చిన డేటా రకం కలవకపోతే ఎర్రర్ వచ్చి ఆగిపోయేది, రకం కలిస్తే పక్కవాడి సమాచారం నిశ్శబ్దంగా తెరమీదికి వచ్చేది. ఆ రోజు ఒక తొమ్మిది గంటల వ్యవధిలో వాడుతున్న ప్లస్ చందాదారుల్లో 1.2 శాతం మంది పేరు, ఈమెయిల్, కార్డు చివరి నాలుగంకెలు వంటివి ఇతరులకి కనిపించి ఉండవచ్చని సంస్థే చెప్పింది. ఆ లోపం లైబ్రరీలో ముందునుంచీ ఉంది. ఆ రోజు తెల్లవారుజామున సర్వర్లో చేసిన ఒక మార్పు వల్ల రద్దయ్యే రిక్వెస్టులు ఒక్కసారిగా పెరగడంతో బయటపడింది.

మా దగ్గర థ్రెడ్, గిట్‌హబ్‌లో హ్యాష్, చాట్‌జీపీటీలో కనెక్షన్. మూడూ రిక్వెస్టు కన్నా ఎక్కువకాలం బతికేవి. రిక్వెస్టు తాలూకు మనిషి వాటికి అంటుకుని మిగిలిపోయాడు. మీ విద్యార్థికి ఈ ఒక్క చూపు అలవాటు చేయండి: కోడులో దేన్ని చూసినా ఇది రిక్వెస్టుతోపాటు పోతుందా, దాని తర్వాతా ఉంటుందా అని అడగడం. డేటాబేస్ కనెక్షన్ పూల్‌లో కూడా ఇదే ప్రశ్న. పోస్ట్‌గ్రెస్‌లో ఏ సంస్థ డేటా చూడాలో సెట్ అని రాసి చెబితే ఆ మాట కనెక్షన్‌కి అంటుకుని ఉండిపోతుంది. సెట్ లోకల్ అని రాస్తే ట్రాన్సాక్షన్‌తోపాటు పోతుంది. ఒక్క పదం తేడా.

భాషలు రాసేవాళ్లు ఈ సమస్యను గుర్తించి చాలాకాలమైంది. జావాలో థ్రెడ్‌లోకల్ 1998 నాటిది. అప్పట్లో అది సౌకర్యం, ఫంక్షన్లన్నిటికీ ఒక పేరామీటరు తగ్గించింది. ఇప్పుడదే భాష స్కోప్డ్ వాల్యూ అనే కొత్త పద్ధతిని తెచ్చింది. జావా 20 నుంచి ప్రయోగంగా ఉంచి, 2025లో వచ్చిన జావా 25లో ఖాయం చేశారు. ఒక బ్లాకులోకి ప్రవేశించేటప్పుడు విలువ ఇస్తాం, బ్లాకు ఏ దారిన ముగిసినా, ఎక్సెప్షన్ వచ్చినా, విలువ దానంతటదే పోతుంది. మధ్యలో ఎవరూ మార్చలేరు. తుడవాలన్న బాధ్యత మనిషి చేతిలోంచి తీసేశారు. పైథాన్‌లో 3.7 నుంచి కాంటెక్స్ట్‌వార్స్ ఉన్నాయి, నోడ్‌లో అసింక్‌లోకల్‌స్టోరేజ్ ఉంది. ఒకే థ్రెడ్ మీద వందల రిక్వెస్టులు వంతులు మార్చుకుంటూ నడిచే చోట ఏ మాట ఎవరిదో ఇవి గుర్తుంచుకుంటాయి.

గో భాషవాళ్లు వేరే దారి పట్టారు, నాకు అదే నచ్చుతుంది. 2016లో గో 1.7తోపాటు కాంటెక్స్ట్‌ను స్టాండర్డ్ లైబ్రరీలోకి తెచ్చారు. దాచిపెట్టడం ఏమీ లేదు. అది కావలసిన ప్రతి ఫంక్షన్‌కీ మొదటి పేరామీటరుగా కాంటెక్స్ట్‌ను చేత్తో అందించాలి. స్ట్రక్చర్లో దాచుకోవద్దని డాక్యుమెంటేషన్లోనే రాశారు. ఇష్టమొచ్చిన ఐచ్ఛిక పేరామీటర్లన్నీ అందులో కుక్కొద్దనీ రాశారు. కొత్తవాళ్లకి ఇది చాదస్తంలా అనిపిస్తుంది. ప్రతి లైనులో ఆ ఒక్క మాట ఎందుకు రాయాలని నాతో వాదించినవాళ్లున్నారు. కానీ ఇంటి తాళం చేతిలో పట్టుకుని తిరిగేవాడికి అది ఎక్కడుందో ఎప్పుడూ తెలుసు. కోడు చదివేటప్పుడు ఈ మనిషి ఎక్కణ్నుంచి వచ్చాడన్నది నా కళ్లముందే ఉంటుంది.

అక్కడా గుంతలు లేకపోలేదు. జవాబు పంపేశాక వెనకాల ఒక ఈమెయిల్ పంపాలని గోరూటీన్ మొదలుపెట్టి దానికి రిక్వెస్టు కాంటెక్స్ట్ ఇస్తారు. జవాబు వెళ్లగానే ఆ కాంటెక్స్ట్ రద్దవుతుంది, ఈమెయిల్ సగంలో ఆగిపోతుంది. దాంతో విసిగి బ్యాక్‌గ్రౌండ్ కాంటెక్స్ట్ ఇస్తారు, అప్పుడు లాగ్‌లో గుర్తుపట్టే సంఖ్య పోతుంది. రద్దు అంటకుండా వివరాలు మాత్రం వెంట తీసుకెళ్లే పద్ధతి 2023లో గో 1.21తో వచ్చింది. జావాలోనూ వెనక థ్రెడ్‌కి పని అప్పగిస్తే ఇదే చిక్కు. ఇన్‌హెరిటబుల్ థ్రెడ్‌లోకల్ ఉంది కదా అంటారు. అది థ్రెడ్ పుట్టినప్పుడు మాత్రమే కాపీ చేస్తుంది. పూల్‌లో థ్రెడ్ పుట్టింది పొద్దున్న, పని వచ్చింది సాయంత్రం. సాయంత్రం వచ్చినవాడికి పొద్దుటివాడి పేరు దొరుకుతుంది.

ఇదంతా ఫ్రేమ్‌వర్క్ చూసుకుంటుంది కదా అని మీలో కొందరు అనవచ్చు, కంపెనీల్లోనూ అంటారు. స్ప్రింగ్ సెక్యూరిటీ తను పెట్టిన లాగిన్ వివరాలను తానే ఫైనల్లీలో తుడుస్తుంది, నిజమే. మనం పెట్టుకున్నది అది తుడవదు. మా అబ్బాయి పెట్టింది సొంత థ్రెడ్‌లోకల్.

పైగా ఇది ఇప్పుడు మంచి అలవాటు స్థాయిలో ఆగిపోయే విషయం కాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం, వ్యక్తిగత సమాచారానికి తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. కడగని కంచం ఒకటి దాని కిందికి వచ్చే అవకాశం ఉంది. అయినా నేను జరిమానా కోసం అడగడం లేదు. ఆ రాత్రి స్క్రీన్‌షాట్ పంపినావిడ మర్నాడు అడిగిన ప్రశ్న కోసం అడుగుతున్నాను: "మరి నా రిపోర్టు ఎవరికైనా వెళ్లిందా?" లాగ్‌లన్నీ తిరగేసి లేదని చెప్పడానికి మాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆవిడకి మా దగ్గర జవాబు లేదు.

కొత్త పేపరు పెట్టమని అడగడం లేదు. సిలబస్ ఇప్పటికే బరువుగా ఉందని నాకు తెలుసు. అడుగుతున్నది వెబ్ ల్యాబ్‌లో ఒక్క ప్రయోగం, రెండు గంటలు. విద్యార్థి చిన్న సర్వర్ రాస్తాడు. పూల్‌లో ఒకే థ్రెడ్ పెడతాడు. లాగిన్ పేరును థ్రెడ్‌లోకల్‌లో పెట్టి, ఒక పేరుతో వచ్చి ఎర్రర్ తెప్పిస్తాడు. లాగిన్ లేని ఇంకో పేజీ తెరుస్తాడు. పక్కవాడి పేరు తెరమీద కనిపిస్తుంది. అది తన కళ్లతో చూడాలి, రికార్డులో రాసుకోవాలి. తర్వాత ఫైనల్లీతో సరిచేస్తాడు. ఆ తర్వాత థ్రెడ్‌లోకల్ తీసేసి స్కోప్డ్ వాల్యూతోనో, పేరామీటరుతోనో మళ్లీ రాస్తాడు. మూడూ చేసినవాడికి విడిగా సిద్ధాంతం చెప్పక్కర్లేదు.

రెండో కోరిక ఎక్స్‌టర్నల్స్‌కి. మేజర్ ప్రాజెక్టు వైవాలో పీపీటీ చూశాక రెండు ల్యాప్‌టాప్‌లు తెరిపించండి. రెండు వేర్వేరు లాగిన్లతో ఒకేసారి నడపమనండి. నడిచాక ఒక ప్రశ్న వేయండి: ఈ రిక్వెస్టు ఎవరిదో నీ కోడుకి ఎక్కడ తెలుస్తుంది, ఎప్పుడు మరిచిపోతుంది? జవాబు చెప్పలేకపోతే మార్కులు కోయొద్దు. అక్కడే కూర్చోబెట్టి ఆ లైను వెతికించండి.

ఆ ఫిల్టర్ రాసిన అబ్బాయి ఇప్పుడు ఒక టీముకి లీడ్. కొత్త సర్వీసు ఏది మొదలుపెట్టినా పూల్‌లో ఒకే థ్రెడ్‌తో నడిచే టెస్టు ఒకటి ముందు రాయిస్తాడు. ఆ టెస్టుల్లోంచి ప్రైవేటు కోడు ఏమీ లేకుండా నేనూ అతనూ కూర్చుని ల్యాబ్ మాన్యువల్ ఒకటి తయారుచేశాం. పదకొండు పేజీలు, ప్రయోగం జావాలో ఒకటి, పైథాన్‌లో ఒకటి. మీ బోర్డు సమావేశానికి రమ్మంటే తెచ్చి చూపిస్తాం. ఏ కాలేజీకైనా మొదటి బ్యాచ్‌కి ల్యాబ్ మేమే దగ్గరుండి చేయిస్తాం. శనివారాలు మా ఇద్దరికీ ఖాళీ.

ఇట్లు
మీ విద్యార్థుల్లో ఒకడు
హైదరాబాద్